గురువుగారి చెయ్యి కదలని రాత్రి

ప్రశ్న: నాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లెటూరు. రెండేళ్ళుగా గూడ్సు బళ్ళ మీద అసిస్టెంటు లోకో పైలట్‌గా పనిచేస్తున్నాను. నాకు తరచుగా జోడీ పడే లోకో పైలట్‌కు ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఉంది. నాకు పని నేర్పింది ఆయనే. అందరం గురువుగారూ అనే పిలుస్తాం. కిందటి నెల ఒక రాత్రి మూడున్నరకు డబుల్ ఎల్లో కనబడింది, అంటే వేగం తగ్గించుకోవడానికి సిద్ధంగా ఉండమని. నేను పైకి చెప్పాను, ఆయనా చెప్పారు. తరువాత ఎల్లో, అంటే ఆ తరువాతి సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధపడమని. నేను చెప్పాను, ఆయనా ‘ఎల్లో’ అన్నారు. కానీ చెయ్యి బ్రేకు మీదికి పోలేదు. బండి అరవై మీదే ఉంది. ‘గురువుగారూ, కొంచెం చూసుకోండి’ అన్నాను. పలకలేదు. గట్టిగా దగ్గాను. అప్పుడు ఉలిక్కిపడి బ్రేకు వేశారు. ఎర్ర సిగ్నలుకు రెండు కరెంటు స్తంభాల ఇవతల ఆగాం. ముఖం కడుక్కుని, ‘ఇది ఇక్కడితో మరచిపో’ అన్నారు. ఆ రోజు తెల్లవారు ఆరింటి నుంచి కూతురి పెళ్ళి పనుల మీద తిరిగి డ్యూటీకి వచ్చారని తరువాత తెలిసింది. మనిషి చాలా మంచివాడు. డ్యూటీల మధ్య మేం పడుకునే రన్నింగ్ రూములో ఆయన గురకకు పక్క మంచాలవాళ్ళు దిండు చంకన పెట్టుకుని వరండాలోకి పోతారు, అంతే ఆయనతో వచ్చే ఇబ్బంది. మా పని చూసే లోకో ఇన్‌స్పెక్టరుకు చెబితే ఆయన ఉద్యోగానికి ముప్పు. చెప్పకపోతే నాకు కంటి మీద కునుకు లేదు. 2023లో కంటకాపల్లి దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్న ప్రమాదం తరువాత నేను రాత్రి డ్యూటీకి వెళ్ళిన ప్రతిసారీ మా అమ్మ దీపం పెట్టుకుని కూర్చుంటోంది. పెద్దాయనను నొప్పించకుండా ఎలా చెప్పాలి? పైవాళ్ళకు చెప్పాలా, వద్దా?

(పేరు, డ్యూటీకి సంతకం పెట్టే లాబీ పేరు మేమే తీసేశాం.)

సమాధానం: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ రెండు చోట్ల పెన్సిలుతో గీత గీశాను. ఒకటి, ‘ఆయనా ఎల్లో అన్నారు, కానీ చెయ్యి బ్రేకు మీదికి పోలేదు’ అన్న చోట. రెండోది ఎక్కడో తరువాత చెబుతాను. మీరు దాన్ని మాట వరసకు రాసి వదిలేశారు గానీ, నా లెక్కలో మీ ఉత్తరానికి తాళంచెవి అదే.

పేపరు చదువుకుంటున్న మనిషిని వంటింట్లోంచి ‘పాలవాడికి డబ్బులిచ్చారా?’ అని అడిగితే ‘ఊఁ’ అంటాడు. ఇచ్చాడని కాదు, ప్రశ్న విన్నాడని కూడా చెప్పలేం. నోటికి అలవాటైన జవాబు నోరే ఇచ్చేస్తుంది. ముప్ఫయ్యేళ్ళుగా రోజుకు వందలసార్లు సిగ్నలు పేరు తిరిగి పలికిన నోరు, సగం నిద్రలో కూడా దాన్ని చక్కగా పలుకుతుంది. మీరు ‘ఎల్లో’ అన్నారు, ఆయన నోరు ‘ఎల్లో’ అంది. రూలు పుస్తకం ప్రకారం ఇద్దరూ సిగ్నలు చెప్పుకున్నట్టే. బండి మాత్రం అరవైలో పోతూనే ఉంది.

బుర్రకథలో కథకుడు ఒక చరణం పాడగానే పక్కనున్న వంతలు ‘తందాన తాన’ అంటారు. కథ ఎటు పోయినా వాళ్ళ తందాన మారదు. అక్కడ అది అందమే. ఇంజనులో సిగ్నలు చెప్పుకోవడం అలా వంత పాటగా మారిపోతే మాత్రం చాలా ప్రమాదం. మీ ఇద్దరిలో ఆ రాత్రి వంత పాడింది ఆయన. ఎన్నో ఇంజన్లలో అసిస్టెంట్లు పాడుతుంటారు. పెద్దాయన ఏమంటే అదే అంటారు, ఒక్కోసారి సిగ్నలు తమ కంటికి కనబడకముందే అనేస్తారు. నేను ఇన్‌స్పెక్టరుగా ఇంజను ఎక్కిన రోజుల్లో మలుపులో చెట్ల వెనక ఉన్న సిగ్నలును కూడా ‘గ్రీన్’ అని ఠక్కున చెప్పిన కుర్రాళ్ళను చూశాను.

దీనికి విరుగుడు జపాన్ రైల్వేవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. వాళ్ళ డ్రైవరు సిగ్నలు వైపు చెయ్యి చాపి, వేలు చూపించి, పైకి చెబుతాడు. కన్ను, చెయ్యి, నోరు, చెవి అన్నీ ఒకే పనిమీద ఉంటాయి. 1994లో అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధన సంస్థ పరీక్ష పెట్టి చూసింది. ఏమీ చేయకుండా పని చేసినప్పుడు వందకు 2.38 తప్పులు వస్తే, వేలు చూపించి పలికినప్పుడు 0.38కి పడిపోయాయి. మన దగ్గర కూడా చెయ్యి చూపాలన్న నియమం ఉంది. అయితే చాలామంది చెయ్యి ఒళ్ళోంచి రెండంగుళాలు లేచి మళ్ళీ ఒళ్ళోనే పడుతుంది. మీరు చెయ్యి పూర్తిగా చాపండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఇంకో చిన్న మార్పు కూడా చెబుతాను. రంగు ఒక్కటే చెబితే తిరిగి చెప్పడం సులువు. రంగుతో పాటు వేగం కూడా చెప్పండి: ‘ఎల్లో, వేగం అరవై.’ అరవై అన్న అంకె క్షణానికోసారి మారుతుంది కనుక దాన్ని నిద్రలో పలకడం కష్టం. ఆయన వేగం తిరిగి చెప్పలేదంటే మీ మాట నోటి దగ్గరే ఆగిపోయిందని మీకు అప్పుడే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట, ఇది మెలకువగా ఉన్నవాళ్ళకు కూడా వర్తిస్తుంది. డబుల్ ఎల్లో చూశాక, ముందు బండి కదిలిపోయి తరువాతి సిగ్నలు పచ్చగా మారడం మామూలే. వందసార్లు అలా మారితే, నూటొకటోసారి కూడా మారుతుందనే మనసు ముందుగా రాసి పెట్టుకుంటుంది. కళ్ళు ఎదురుగా ఉన్న ఎల్లోను చూస్తున్నా మనసు తాను రాసుకున్నదే చదువుతుంది. దీనికి అనుభవం మందు కాదు. అనుభవం ఎక్కువైన కొద్దీ ఈ జబ్బు ముదురుతుంది కూడా. అందుకే ఇంజనులో రెండో మనిషిని పెట్టారు.

ఇక ‘కొంచెం చూసుకోండి’ సంగతి. మీరు ఆ మాట అని, జవాబు కోసం ఆగి, మళ్ళీ దగ్గడానికి మొత్తం పది సెకన్లు పట్టిందనుకుందాం. అరవై వేగంలో పది సెకన్లకు బండి 165 మీటర్లకు పైగా పోతుంది. మీకు చివర మిగిలింది రెండు స్తంభాల దూరం, అంటే అంతకంటే తక్కువే. ఇంకో పది సెకన్లు మర్యాద పాటించి ఉంటే మీరు ఎర్ర సిగ్నలు దాటేవారు.

నిందగా అనడం లేదు. మన పెంపకమే అలాంటిది. పెద్దవాళ్ళ తప్పు ఎత్తి చూపాల్సి వస్తే దగ్గుతాం, గొంతు సవరించుకుంటాం, ‘మీకు తెలియనిది కాదు’ అని మొదలుపెడతాం. ఈ జబ్బు మన ఒక్కళ్ళదే కాదు. 1977 మార్చి 27న టెనెరిఫె విమానాశ్రయంలో పొగమంచులో రెండు జంబో విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. పైకి లేవబోతున్న విమానంలో ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఆ రెండో విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అతను అడిగాడు కూడా. ప్రశ్నలా అడిగాడు. కెప్టెన్ లేదని కొట్టి పారేశాడు. ఆ కెప్టెన్ సంస్థలో ఆ రకం విమానాలకు శిక్షణ ఇచ్చేవాళ్ళకు పెద్ద. ఆయన మాటకు ఎదురేముంటుంది? ఇలాంటి ప్రమాదాలు చూశాకే 1979లో నాసా దీనిమీద సదస్సు పెట్టింది. 1981లో అమెరికాలో యునైటెడ్ విమానసంస్థ, కెప్టెన్లకు వినడం, కిందివాళ్ళకు చెప్పడం పాఠంగా నేర్పడం మొదలుపెట్టింది. ఇంజను నడపడం సిమ్యులేటరు మీద నేర్పే మనం, గురువుగారికి ఎదురు చెప్పడం ఎక్కడా నేర్పం. రిఫ్రెషరు కోర్సులో రూళ్ళు అప్పజెప్పించుకుని పంపేస్తాం. నేను పాఠం చెప్పిన రోజుల్లో కూడా అంతే చేశాను, దాచడం ఎందుకు.

మన దగ్గరి ఉదాహరణ ఇంకా చేదుగా ఉంటుంది. 2010 మే 22న దుబాయి నుంచి మంగళూరు వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలోకి పోయి 158 మంది చనిపోయారు. ప్రయాణంలో గంటా నలభై నిమిషాలు కెప్టెన్ నిద్రపోయినట్టు దర్యాప్తులో తేలింది. ఆయన గురక కూడా రికార్డరులో ఉంది. దిగేటప్పుడు విమానం ఉండాల్సిన ఎత్తుకంటే పైన ఉంది. పక్కనున్న ఫస్ట్ ఆఫీసరు దిగవద్దు, తిరిగి పైకి లేపమని మూడుసార్లు చెప్పాడు. గాఢ నిద్ర నుంచి లేచినవాడి బుర్ర కొంతసేపు మొద్దుగానే ఉంటుంది, కళ్ళు తెరిచి ఉన్నా. మూడుసార్లు చెప్పిన మనిషి ఒక్కసారి తాను చెయ్యి వేసి ఉంటే ఏమయ్యేదో.

కనుక మీకు మూడు మెట్లు చెబుతాను. ముందు ఉన్నది ఉన్నట్టు: ‘ఎల్లో, వేగం అరవై.’ చెయ్యి కదలకపోతే వెంటనే పేరో పిలుపో పెట్టి, ఏం చేయాలో చెప్పండి: ‘గురువుగారూ, బ్రేకు వేయండి.’ మన భాషలో ఉన్న సుఖం చూడండి, ‘వేయండి’ అన్న మాటలో మర్యాదకు మర్యాద ఉంది, ఆజ్ఞకు ఆజ్ఞా ఉంది. దానికి ముందు ‘కొంచెం’, వెనక ‘ఏమో’ తగిలించకండి. అప్పటికీ కదలకపోతే నోరు మూసి చెయ్యి వాడండి. మీ వైపు అత్యవసర బ్రేకు పెట్టింది అలంకారానికి కాదు. రెండో మాటకూ బ్రేకుకూ మధ్య మూడు సెకన్లకంటే ఎక్కువ ఇవ్వవద్దు. గూడ్సు మీద అలా బ్రేకు వేస్తే బండి ఆగిపోతుంది, కప్లింగు తెగినా తెగవచ్చు, ఆలస్యానికి వివరణ రాయమంటారు. రాయండి. ఒక కాగితమే కదా.

2003 జనవరి 31న ఆస్ట్రేలియాలో వాటర్‌ఫాల్ అనే ఊరి దగ్గర ఒక పాసింజరు రైలు డ్రైవరుకు గుండెపోటు వచ్చింది. డ్రైవరు పడిపోతే బండి ఆగేందుకు పెట్టిన కాలి పెడలు, ఆయన కాళ్ళ బరువుకే నొక్కుకుని ఉండిపోయింది. వెనక గార్డు దగ్గర బ్రేకు ఉంది. వేగం విపరీతంగా పెరుగుతున్నా ఆయన వేయలేదు. బండి మలుపులో పట్టాలు తప్పి, డ్రైవరుతో కలిపి ఏడుగురు పోయారు. మన ఇంజన్లలో నిమిషంపాటు డ్రైవరు ఏ పనీ చేయకపోతే హెచ్చరించి, ఆ తరువాత బండిని ఆపే పరికరం ఉంది. ఒక నిమిషం అంటే అరవై వేగంలో కిలోమీటరు. పైగా ఆ మీట నొక్కడం కూడా చెయ్యి నిద్రలోనే నేర్చుకుంటుంది. యంత్రం ఉందిలే అని మీరు వెనక్కి వాలకండి.

నా సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. అసిస్టెంటుగా చేరిన కొత్తలో, వేరే రాష్ట్రంలో, ఇలాగే ఒక వాన రాత్రి నేను నోరు తెరవలేదు. ఆయన చూశారనుకున్నాను. సగం ఇంజను సిగ్నలు దాటాక ఆగాం. ఎదురుగా ఏ బండీ లేదు కనుక ఇప్పుడు మీకు ఉత్తరం రాస్తున్నాను. దర్యాప్తు అధికారి నన్ను ఒక్కటే అడిగాడు: ‘నువ్వు సిగ్నలు చూశావా?’ చూశానన్నాను. ఆయన కాగితం మీద ఆ ఒక్క మాటే రాసుకున్నాడు.

మీకు ఇప్పుడు చేయాల్సిన పని, తరువాతి డ్యూటీకి ముందే ఆయనతో మాట్లాడటం. ఇంజనులో కాదు, నలుగురి ముందు లాబీలో అసలు కాదు. టీ కొట్టు దగ్గర, ఇద్దరే ఉన్నప్పుడు. ఇలా చెప్పండి: ‘గురువుగారూ, ఆ రాత్రి మీకు చెప్పడానికి భయపడ్డాను. ఇకమీదట ఎల్లో తరువాత వేగం తగ్గకపోతే బ్రేకు వేయమని ఒకసారి గట్టిగా అంటాను. అప్పటికీ తగ్గకపోతే నేనే వేస్తాను. నేను కునికినా మీరు అలాగే నన్ను లేపండి.’ చివరి వాక్యం వదిలేయకండి. ముందుగా ఒప్పుకున్న మాట రాత్రి మూడింటికి ఎదురు మాటలా వినబడదు. నా అనుభవంలో ముసలి డ్రైవర్లు ఇలాంటి మాటకు మొదట ముఖం ముడుచుకుంటారు, మర్నాడు టీ డబ్బులు వాళ్ళే ఇస్తారు.

ఇప్పుడు రెండో గీత. గురక.

ఆ రాత్రి లెక్క ముందు చూద్దాం. ఆయన ఆరింటికి లేచారు. రాత్రి పదకొండుకే పదిహేడు గంటల మెలకువ. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు పరిశోధకులు పోల్చి చూశారు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 0.03. మీ లాబీలో డ్యూటీ ఎక్కేముందు నోటితో ఊదించే యంత్రం ఉంది కదా, అది కల్లు పట్టుకుంటుంది, పెళ్ళి పనులు పట్టుకోదు. మూడున్నరకు ఆయన మెలకువ ఇరవై ఒకటిన్నర గంటలు. పైగా రాత్రి రెండు నుంచి ఆరు మధ్య ఎవరి శరీరమైనా పడకమీదికే లాగుతుంది. డ్యూటీ గంటలు సంతకం పెట్టినప్పటి నుంచి లెక్క, అలసట మాత్రం మంచం దిగినప్పటి నుంచి లెక్క. కిటికీ తెరవడం, ముఖం కడుక్కోవడం, పాట పాడుకోవడం కొన్ని నిమిషాలకే పనికొస్తాయి.

అది ఆ ఒక్క రాత్రి కథ అయితే పెళ్ళయ్యాక తీరిపోతుంది. కానీ పక్క మంచాలవాళ్ళు లేచి పోయేంత గురక, ముప్ఫయ్యేళ్ళ సర్వీసు ఉన్న వయసు. ఆయన గురక మధ్యలో ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్ళీ మొదలవుతుందా? గమనించండి. పొద్దున లేవగానే తలనొప్పి అంటారా? మధ్యాహ్నం కూర్చున్న చోటే తూగుతారా? అయితే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు దగ్గర దారి మూసుకుపోయి ఊపిరి పది సెకన్లో అంతకంటే ఎక్కువో ఆగుతుంది, శరీరం బెదిరి సగం మేల్కొంటుంది, మళ్ళీ ఆగుతుంది. తీవ్రంగా ఉన్నవాళ్ళకు గంటకు ముప్ఫైసార్లకు పైగా. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు ఉండదు. ఆ మనిషికి మాత్రం తాను హాయిగా నిద్రపోయాననే ఉంటుంది. గురక పెట్టేవాడికి గురక వినబడదు కదా.

2013 డిసెంబరు 1న న్యూయార్క్‌లో ఒక పాసింజరు రైలు గంటకు 48 కిలోమీటర్లతో పోవాల్సిన మలుపులో 132 మీద పోయి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. డ్రైవరు తాగలేదు, ఫోను చూడలేదు. తీవ్రమైన ఆప్నియా ఉందని అప్పటిదాకా ఎవరూ, ఆయనతో సహా, కనిపెట్టలేదు. ఆయన డ్యూటీ వేళలు కూడా రెండు వారాల కిందటే మారాయి. ఆ జబ్బుకు వైద్యం ఉంది. రాత్రి ముక్కుకు గాలి తొడుగు పెట్టుకుని పడుకునే యంత్రంతో చాలామంది మామూలుగా అయిపోతారు, బరువు తగ్గినా మేలే. డాక్టరు కానివాణ్ణి కనుక ఉందని నేను తేల్చను. పరీక్ష చేయించుకోమని మాత్రం గట్టిగా చెబుతాను.

పైవాళ్ళకు చెప్పాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. మీరు చాడీ చెప్పడం, ఆయన పరీక్షకు వెళ్ళడం ఒకటి కావు. ముందు ఆయననే అడగండి: తనంతట తాను రైల్వే ఆసుపత్రికి పోయి నిద్ర పరీక్ష అడగమనండి, ఇన్‌స్పెక్టరుతో ఆయనే మాట్లాడాలి. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తే జబ్బు అవుతుంది, మీ నోటి నుంచి వస్తే నేరం అవుతుంది. ఆ తేడా అన్యాయమే, కానీ ఉంది. వారం గడువు పెట్టండి. ఈ లోపు ఆయనతో రాత్రి డ్యూటీ పడితే, పెళ్ళి పనులుంటే సెలవు పెట్టమనండి. వారంలో ఏమీ చేయకపోయినా, మళ్ళీ కునికినా, మీరే ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళండి. ఆయన కూతురి పెళ్ళి మీకు గుర్తుండాలి, మీ వెనక వచ్చే పాసింజరులో ఎవరి కూతురు ఉందో మీకు తెలియదు.

ఇన్‌స్పెక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకూ ఒక మాట. 2005 ఏప్రిల్ 25న జపాన్‌లో అమగసాకి దగ్గర ఒక కుర్ర డ్రైవరు, ముందు స్టేషనులో కొంచెం ముందుకు పోయి ఆగినందుకు, ఒకటిన్నర నిమిషం ఆలస్యమైనందుకు తనను అవమానించే ‘శిక్షణ’కు పంపుతారని బెదిరాడు. దాని గురించే ఆలోచిస్తూ 70 హద్దున్న మలుపులో 116తో పోయాడు. బండి పట్టాలు తప్పి, అతనితో కలిపి 107 మంది పోయారు. కునికానని చెప్పినవాడిని ఊడగొడతామంటే ఎవరూ చెప్పరు, కునకడం మాత్రం ఆగదు.

కంటకాపల్లి గురించి మీరు రాశారు. 2023 అక్టోబరు 29 రాత్రి పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు ఢీకొన్నప్పుడు నేను విజయనగరంలోనే ఉన్నాను. ఎర్రగా ఉన్న ఆటోమేటిక్ సిగ్నలు (ముందు బండి కదలికను బట్టి తనంతట తానే రంగు మారేది) దగ్గర పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, తరువాత ఎక్కడికక్కడ ఆపగలిగేలా మెల్లగా పోవాలన్న నియమం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఆ రెండు నిమిషాలు వృథా అని గొణిగేవాళ్ళు మీకు తగులుతారు. ఆ రెండు నిమిషాల్లో ఇద్దరూ ముందు ఏ బండి పోయింది, ఎంతసేపయింది అని పైకి మాట్లాడుకోండి. గడియారం చూస్తూ కూర్చోకండి.

మీ అమ్మగారికి నా మాటగా ఒకటి చెప్పండి. రాత్రి డ్యూటీ ఉన్న రోజు మధ్యాహ్నం మీరు రెండు గంటలు తలుపు వేసుకుని పడుకోవాలి. ఆ రెండు గంటలు ఎవరు వచ్చినా, పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి గురువుగారే స్వయంగా వచ్చినా సరే, అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇవ్వమనండి, మిమ్మల్ని లేపవద్దనండి.